ఓట్ల లెక్క - ఇంటి లెక్క

ఎన్నికల ఫలితములు వెలువడే రోజున వార్తలకు చెవి ఒగ్గని ఇల్లు ఉండదు. ఎవరు గెలిచినారు, ఎంత ఆధిక్యముతో గెలిచినారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానము దొరకగానే మన కుతూహలము తీరిపోతుంది. ఆ ఓట్లను ఏ పద్ధతిలో లెక్కించినారు, మరొక పద్ధతిలో లెక్కించి ఉంటే గెలుపు మరొకరిది అయి ఉండేదా అన్న మూడవ ప్రశ్నను వేసేవారు అరుదు. ఈనాటి ప్రసంగములో ఆ మూడవ ప్రశ్నను గూర్చి శ్రోతలతో ముచ్చటించదలచినాము. ఇది శాసనసభకు, లోక్ సభకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. నలుగురు కూడి ఒక నిర్ణయము చేయవలసిన ప్రతి చోటను, సహకార సంఘములోను, అపార్టుమెంటు సంఘములోను, తుదకు మన ఇంటి వసారాలోను ఈ ప్రశ్న పుడుతూనే ఉంటుంది.

మా మిత్రబృందములో ఈ చర్చ కొన్ని వారముల పాటు సాగినది. మిత్రులలో ఒకరు కళాశాలలో గణితాధ్యాపకులు, ఒకరు న్యాయవాది, ఒకరు తపాలా శాఖలో ఉద్యోగి, మరొకరికి మందుల దుకాణము ఉన్నది. ఆదివారము సాయంకాలము కలుసుకొన్నప్పుడు మా నోట మొదట వచ్చేవి ఇంటి చింతలే. దుకాణదారుగారి కుమారుడు కంప్యూటరు చదువు తప్ప మరొకటి చదవనంటాడు. న్యాయవాదిగారికి కొత్తగా చక్కెర వ్యాధి బయటపడినది. గణితాధ్యాపకులు ఇంటి అప్పు వాయిదాలు ఇంకా ఎన్నేండ్లు కట్టవలెనో వేళ్లపై లెక్కిస్తారు. తపాలా మిత్రుని చింత వీటన్నిటికంటె బరువైనది. ఆయన తల్లిగారికి 87 ఏండ్లు. దివిసీమలోని స్వగ్రామములో ఒంటరిగా ఉంటున్నారు. ఆమెను ఎక్కడ ఉంచవలెనన్న విషయములో ముగ్గురు బిడ్డలకు మాట కుదరలేదు. 2024 వేసవిలో, ఎన్నికల సందడి నడుమ, ఈ ఇంటి చింతయు, ఓట్ల చర్చయు మా సంభాషణలో ఒకదానితో ఒకటి పెనవేసుకొన్నవి.

చర్చను ఎత్తినవారు న్యాయవాదిగారు. ఆయన చెప్పిన ఉదాహరణము మన తెలుగునాటిదే. 1957 సార్వత్రిక ఎన్నికలలో పార్వతీపురము ద్విసభ్య లోక్ సభ నియోజకవర్గము. అనగా ఒకే నియోజకవర్గము నుండి ఇద్దరు సభ్యులు ఎన్నిక కావలెను. ఒకటి సామాన్య స్థానము. రెండవది షెడ్యూల్డు తెగలవారికి ప్రత్యేకించినది. అక్కడ పోటీ చేసిన వరాహగిరి వేంకటగిరిగారికి 1,18,403 ఓట్లు వచ్చినవి. అయినను ఆయన గెలువలేదు. ప్రత్యేక స్థానమునకు పోటీ చేసిన ఇద్దరికి ఆయనకంటె ఎక్కువ ఓట్లు రావడమే అందుకు కారణము. నిబంధన ప్రకారము మొదట ఆ ఇద్దరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ప్రత్యేక స్థానమును ఇచ్చినారు. పిమ్మట మిగిలిన అభ్యర్థులందరిలోను ఎవరికి ఎక్కువ వచ్చినవో చూచి సామాన్య స్థానమును ఇచ్చినారు. అట్లు డిప్పల సూరిదొరగారు 1,18,968 ఓట్లతో, అనగా 565 ఓట్ల ఆధిక్యముతో, ఆ స్థానమును పొందినారు. గిరిగారు సుప్రీంకోర్టు వరకు వెళ్లినారు. ఎన్నిక సక్రమమేనని 1959లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. ద్విసభ్య నియోజకవర్గములను పార్లమెంటు 1961లో చట్టము ద్వారా రద్దు చేసినది.

"ఇందులో అన్యాయమేమున్నదండీ లాయరుగారూ? ఎక్కువ ఓట్లు వచ్చినాయన గెలిచాడు. గిరిజనుడైనంత మాత్రాన సామాన్య స్థానములో గెలవకూడదా?" అన్నారు దుకాణదారుగారు.

"గెలవవచ్చును. కోర్టు చెప్పినదీ అదే. అన్యాయమని నేననలేదు. రెండు స్థానములకు రెండు వేరువేరు లెక్కలు కట్టి ఉంటే ఫలితము మారేది. ఓటర్లు వారే, ఓట్లు అవే. లెక్కించే నిబంధన మాత్రము ఫలితములో సగమై కూర్చున్నది" అని న్యాయవాదిగారు బదులు చెప్పినారు.

అదే గిరిగారి జీవితములో పన్నెండేండ్ల తరువాత మరొక లెక్కింపు వచ్చినది. 1969లో రాష్ట్రపతి పదవికి ఆయనయు, నీలం సంజీవరెడ్డిగారును ప్రధానముగా పోటీపడినారు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు ఒక పేరుకు గుర్తు వేసి ఊరుకోడు. తనకు మొదట కావలసినవారి పేరు ఎదుట 1, వారు కాకపోతే మరెవరో వారి ఎదుట 2, ఇట్లు వరుసగా అంకెలు వేస్తాడు. పార్లమెంటు సభ్యుల ఓటుకు, శాసనసభ్యుల ఓటుకు వేరువేరు విలువలు ఉంటవి. ఆ విలువలు కలిపి చూడగా మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, సి. డి. దేశ్ ముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. గెలుపునకు సగముకంటె ఎక్కువ, అనగా 4,18,169 కావలెను. అది ఎవ్వరికిని రాలేదు. అందుచేత అందరికంటె తక్కువ వచ్చినవారిని ఒకరి తరువాత ఒకరిగా తొలగించి, వారికి ఓటు వేసినవారు తరువాత ఎవరిని కోరినారో చూచి, ఆ ఓట్లను వారికి కలిపినారు. తుదకు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 అయినవి. గిరిగారు రాష్ట్రపతి అయినారు. సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండ ఆ పదవిని పొందినారు.

ఈ అంకెలను మా గణితాధ్యాపకులు మరొక విధముగా చూపినారు. మొదటి లెక్కలో ఇద్దరి మధ్య దాదాపు 88,000 తేడా ఉన్నది. చివరి లెక్కలో అది 14,650కి దిగినది. అనగా ఓడిపోయినవారిని మొదట కోరిన ఓటర్లలో చాలమంది రెండవ కోరిక సంజీవరెడ్డిగారే. ఒకే గుర్తు వేసే పద్ధతిలో ఈ విషయము బయటపడి ఉండేది కాదు. మొదటి కోరిక నెరవేరని ఓటరు మాట అక్కడితో ఆగిపోయేది. మన రాష్ట్రములలో శాసనమండలికి జరిగే పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానముల ఎన్నికలలోను ఈ అంకెల పద్ధతియే ఉన్నది. అయితే ఈ పద్ధతికి ఓపిక కావలెను. 2021 మార్చిలో తెలంగాణములో పట్టభద్రుల స్థానములకు జరిగిన లెక్కింపు రోజుల తరబడి సాగినది.

మరి లోక్ సభకు, శాసనసభలకు మనము అనుసరిస్తున్న పద్ధతి ఎట్టిది? ఒక ఓటరు, ఒక గుర్తు. అందరికంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారిదే గెలుపు. ఇంతకంటె సులభమైనది లేదు. చదువురాని పల్లెటూరి మనిషికి కూడ అది సులభముగా బోధపడుతుంది. ఈ సుగుణము చిన్నది కాదు. కాని గెలిచినవారికి సగము ఓట్లైన రానక్కరలేదు. 1984 డిసెంబరులో కాంగ్రెసు పక్షము సుమారు 49 శాతము ఓట్లతో 514 స్థానములలో 404 గెలిచినది. 2014లో భారతీయ జనతా పక్షము సుమారు 31 శాతము ఓట్లతో 543 స్థానములలో 282 గెలిచినది. పక్షము ఏదైనను లెక్క చేసే పని ఒక్కటే. అది ముందున్నవారిని మరింత ముందుకు నెడుతుంది. న్యూజిలాండులో 1978లోను, 1981లోను ఎక్కువ ఓట్లు వచ్చిన పక్షము తక్కువ స్థానములతో ప్రతిపక్షమున కూర్చున్నది. ఆ దేశ ప్రజలు 1993లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా పద్ధతినే మార్చుకొన్నారు. 1996 నుండి అక్కడ పక్షమునకు వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి మొత్తము స్థానములు సరిపడునట్లు చూస్తున్నారు.

"అయితే అంకెలు వేసే పద్ధతిలో ఏ చిక్కు ఉండదన్నమాట" అన్నారు తపాలా మిత్రులు. గణితాధ్యాపకులు చిరునవ్వు నవ్వి, "మీ ఇంటి సంగతినే లెక్క వేసి చూతము" అని కాగితము అందుకొన్నారు.

సంగతి ఇది. తల్లిగారిని ఉంచడానికి మూడు చోట్లు ఉన్నవి. స్వగ్రామములోని ఇల్లు, పెద్ద కుమారుడుండే హైదరాబాదు, కుమార్తె ఉండే విశాఖపట్టణము. మా మిత్రుడు చిన్న కుమారుడు. ఆయనది రెండు గదుల అద్దె ఇల్లు. అక్కడ తల్లికి చోటు లేదన్న బాధ ఆయనకు ఉన్నది. పెద్ద కుమారుని మొదటి కోరిక హైదరాబాదు, రెండవది విశాఖ, చివరిది గ్రామము. ఒంటరిగా మాత్రము ఉండరాదని ఆయన పట్టు. కుమార్తె మొదటి కోరిక విశాఖ, రెండవది గ్రామము, చివరిది హైదరాబాదు. అన్నగారి తొమ్మిదవ అంతస్తులో అమ్మకు పలుకరించే దిక్కుండదని ఆమె భయము. చిన్న కుమారుని మొదటి కోరిక గ్రామము, రెండవది హైదరాబాదు, చివరిది విశాఖ. తల్లి కూతురింట ఉంటే ఊరివారు ఏమనుకొంటారో అన్న సంకోచము ఆయనది.

ఇప్పుడు రెండేసి చోట్లను పోల్చి చూడవలెను. హైదరాబాదా, విశాఖా అంటే ఇద్దరు కుమారులును హైదరాబాదు అంటారు. విశాఖా, గ్రామమా అంటే పెద్ద కుమారుడును, కుమార్తెయు విశాఖ అంటారు. గ్రామమా, హైదరాబాదా అంటే కుమార్తెయు, చిన్న కుమారుడును గ్రామము అంటారు. ప్రతిసారియు ఇద్దరు ఒక వైపు, ఒకరు ఒక వైపు. హైదరాబాదు విశాఖను గెలుస్తుంది. విశాఖ గ్రామమును గెలుస్తుంది. గ్రామము తిరిగి హైదరాబాదును గెలుస్తుంది. గానుగెద్దు వలె తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తాము. ముగ్గురిలో ఎవ్వరి మాటయు అసంబద్ధము కాదు. ముగ్గురి మాటలను కలిపితే అసంబద్ధము పుడుతున్నది.

ఫ్రెంచి గణితవేత్త కొండొర్సే 1785లో ప్రకటించిన గ్రంథములో ఈ చిక్కును వివరించినాడు. 1951లో అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. అభ్యర్థులు ముగ్గురో అంతకంటె ఎక్కువమందో ఉన్నప్పుడు, ఓటర్లు ఇచ్చిన వరుసలను కలిపి సంఘము మొత్తమునకు ఒక వరుసను తయారుచేసే ఏ పద్ధతియైనను, న్యాయమునకు మనము కోరే కొన్ని సామాన్య నియమములన్నిటిని ఒకేసారి పాటింపజాలదని ఆయన గణితము ద్వారా నిరూపించినాడు. 1972లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఈ ప్రశ్నను పట్టుకొని మన అమర్త్య సేన్ గారు 1970లో ఒక ప్రసిద్ధ గ్రంథము వ్రాసినారు. ఆరో గ్రంథము వెలువడిన 1951లోనే మన దేశములో మొదటి సార్వత్రిక ఎన్నికలు ఆరంభమైనవి. సంపూర్ణమైన పద్ధతి లేదని ఒకచోట నిరూపణ జరుగుతున్న కాలముననే, ఉన్న పద్ధతితో కోట్ల ప్రజలు తమ పాలకులను ఎన్నుకోవడానికి మనము పూనుకొన్నాము. ఇందులో వైరుధ్యము లేదు. పరిపూర్ణమైన వైద్యము లేదని ఎవరును వైద్యము మానుకోరు కదా.

ఇంతవరకు మౌనముగా వింటున్న దుకాణదారుగారు ఇక్కడ ఒక్క మాట అన్నారు. "అంతా బాగున్నది మాస్టారూ. ఇంతకూ అమ్మగారేమంటారు?"

కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. కాగితముపై మూడు ఓట్లు ఉన్నవి. ఎవరిని గూర్చి ఓటు వేస్తున్నారో ఆమె పేరు ఓటర్లలో లేదు. మూడు నెలలుగా ముగ్గురును టెలిఫోనులో ఒకరితో ఒకరు వాదించుకొన్నారు. ప్రతి ఒక్కరును తల్లి మేలు కోరియే వాదించినారు. ఆ మేలేదో ఆమెను అడుగవలెనని ఎవ్వరికిని తోచలేదు. ఆ మే నెల ఎన్నికలలోనే, 85 ఏండ్లు దాటినవారు ఇంటి వద్దనే ఓటు వేయవచ్చునన్న ఏర్పాటు ప్రకారము, అధికారులు ఆమె గడప వద్దకు వచ్చినారు. చాటు ఏర్పాటు చేసి, ఓటు చీటీ ఆమె చేతికి ఇచ్చి, ఆమె వేసినదానిని కవరులో పెట్టి సీలు చేసి తీసుకొని పోయినారు. దేశమును ఎవరు పాలింపవలెనో చెప్పుటకు తగిన ఆ వృద్ధురాలు, తాను ఎక్కడ నిద్రింపవలెనో చెప్పుటకు తగదా?

లెక్కింపు పద్ధతికంటె ముందు మరొక ప్రశ్న ఉన్నదని చరిత్ర కూడ చెబుతున్నది. జాబితాలో ఎవరి పేర్లున్నవి? తమిళదేశములోని ఉత్తరమేరూరులో పరాంతక చోళుని కాలపు శాసనములు, అనగా పదవ శతాబ్దపువి, నేటికిని ఉన్నవి. పేర్లు వ్రాసిన తాటాకులను కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించి గ్రామసభా సంఘములకు సభ్యులను ఎన్నుకొన్న పద్ధతి వాటిలో వివరముగా ఉన్నది. పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివారిని, వారి బంధువులను కూడ తప్పించిన కట్టుదిట్టము అది. కాని ఆ కుండలో పేరు పడడానికి పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు, వేదవిద్య ఉండవలెను. భూమి లేనివారి పేరు అందులో పడదు. కుండ ఎంత నిష్పక్షపాతమైనదైనను లోపల లేని పేరు బయటికి రాదు.

స్వతంత్ర భారతము వయోజనులందరికిని ఓటు ఇచ్చినది. 1951-52 ఎన్నికలలో ఓటర్ల సంఖ్య సుమారు 17 కోట్ల 30 లక్షలు. అయినను జాబితాలు తయారుచేసేటప్పుడు ఒక విచిత్రమైన అడ్డంకి వచ్చినది. అనేకమంది స్త్రీలు తమ పేరు పరులకు చెప్పక, ఫలానావారి తల్లిని, ఫలానావారి భార్యను అని వ్రాయించినారు. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ గారు అందుకు అంగీకరింపలేదు. ఓటరుకు సొంత పేరు ఉండవలెనన్నారు. తమ పేరు చెప్పని సుమారు 28 లక్షల స్త్రీల పేర్లను జాబితాల నుండి తొలగింపవలసి వచ్చినది. వారిలో ఎక్కువమంది ఉత్తర, మధ్య భారత రాష్ట్రములవారు. అది కఠినమైన చర్యయే. కాని ఒక స్త్రీ మరొకరికి తల్లి కాక, భార్య కాక, తనంత తాను ఒక వ్యక్తి అన్న సంగతి ప్రభుత్వ పత్రములలో స్థిరపడినది.

తరువాతి ఆదివారము తపాలా మిత్రులు గ్రామమునకు వెళ్లి వచ్చినారు. తల్లిగారు ఆయనతో అన్న మాటలను ఆయన చెప్పినట్లే చెబుతాము. "నన్నెక్కడ పెట్టాలా అని ముగ్గురూ తగువులాడుకుంటున్నారట్రా? పగలు నాకేం భయం లేదు. చుట్టూ మనుషులే. రాత్రి పూటే భయం. దొడ్లోకి వెళ్లి కాలు జారితే తెల్లారిందాకా ఎవరికీ తెలీదు. అదొక్కటీ చూడండి. మరీ లేవలేని రోజున దాని దగ్గరికి పోతాను. కూతురింటికి పోతే పరువు పోతుందని నేనెప్పుడన్నాను?"

బిడ్డలు ముగ్గురును చోటును గూర్చి వాదించినారు. ఆమె భయము రాత్రిని గూర్చి. ఆ సంగతి వారి కాగితములో లేనే లేదు. గోడకు పట్టుకొనే ఊచ, దొడ్డి దారికి దీపము, రాత్రి తోడు పడుకొనేందుకు పొరుగింటి ఆమెకు నెలకు కొంత సొమ్ము. ముగ్గురును కలిసి ఈ ఏర్పాటు చేసినారు. ఇది శాశ్వతమైన పరిష్కారమని మేము చెప్పము. వార్ధక్యము ప్రతి ఆరు నెలలకును కొత్త ప్రశ్న తెస్తుంది. కాని అంకెలతో విడని చిక్కు ఒక్క ప్రశ్నతో చాలవరకు విడినది. ఓటరును అడుగవలెను అన్నది మొదటి పాఠమైతే, చీటీపై ఏమేమి వ్రాయవలెనో నిర్ణయించేటప్పుడును అడుగవలెను అన్నది రెండవ పాఠము.

ఏకగ్రీవమును గూర్చియు ఇదే చెప్పవలసి ఉన్నది. గ్రామ పంచాయతీ ఏకగ్రీవమైతే పారితోషికము ఇస్తామని మన ప్రభుత్వములు ప్రకటించడము కద్దు. తగవులు లేకుండ ఊరు ఒక్క మాటపై నిలిస్తే సంతోషమే. అయితే అది అందరిని అడిగిన పిదప వచ్చిన ఒక్క మాటయా, అడుగకపోవుటచేత వచ్చిన మౌనమా అన్నది ఊరివారికే తెలుస్తుంది. ఇంటిలోను అంతే. యజమాని నిర్ణయము చెప్పగా ఎవ్వరును కాదనకపోతే అది ఏకగ్రీవము కాదు.

మా న్యాయవాదిగారు, గణితాధ్యాపకులు ఏ ఓటు పద్ధతి మేలన్న విషయములో ఇంకను ఏకీభవింపలేదు. లోక్ సభకు అంకెల పద్ధతి రావలెనని ఒకరు, సామాన్యునికి అర్థమయ్యే పద్ధతియే చాలునని మరొకరు. అట్టి వాదములు సాగవలసినవే. పద్ధతి మార్చుట దేశమునకు పెద్ద పని. దానికి కాలము పడుతుంది. చిన్న సంఘములలో మాత్రము శ్రోతలు తామే ప్రయత్నించి చూడవచ్చును. మీ అపార్టుమెంటు సంఘములోనో, మహిళా మండలిలోనో మూడు నాలుగు ప్రతిపాదనలు వచ్చినప్పుడు చేతులు ఎత్తించి ఊరుకొనక, చీటీపై వరుస అంకెలు వేయించండి. మొదటి కోరిక నెగ్గనివారి రెండవ కోరిక ఏదో చూడండి. దానికంటె ముందు, ఆ నిర్ణయపు బరువు ఎవరి మీద పడుతుందో వారు గదిలో ఉన్నారో లేదో చూడండి. లిఫ్టు మరమ్మతును గూర్చి మాట్లాడేటప్పుడు పై అంతస్తు వృద్ధులను, నీళ్ల వేళలను గూర్చి మాట్లాడేటప్పుడు ఇంటి పని చేసే స్త్రీలను పిలిచి అడగండి. ఇంటిలో పిల్లవాని చదువును గూర్చి మాట్లాడేటప్పుడు పిల్లవానిని కూర్చోబెట్టుకోండి. ఈ మాట విన్నప్పటి నుండి మా దుకాణదారుగారు కుమారునితో వాదించుట తగ్గించి, వాని రెండవ కోరిక ఏమిటో తెలుసుకొనే ప్రయత్నములో ఉన్నారు.